కోట్ ద్యు రోన్ వైట్: సీసా పాడైందా, దీని తీరే ఇంతా?

డల్లాస్_గుంటూరోడు
కోట్ ద్యు రోన్ వైట్ (ఫ్రాన్స్‌లో రోన్ నది లోయ తెల్ల వైన్), 2022. లేబుల్ వెనక రాసిన ద్రాక్ష రకాలు: గ్రెనాష్ బ్లాంక్ 60, క్లెరెట్ 20, రూసాన్ 10, బూర్బులెంక్ 10 శాతం. ఆల్కహాల్ 14. మామూలు కార్కు. ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే పోస్తే వాసనే లేదు. నోట్లో బరువుగా ఉంది, పులుపు దాదాపు లేదు, మింగాక నాలుక వెనక బాదం తొక్క కొరికినట్టు చేదు. న్యూజిలాండ్ సావిన్యోన్ బ్లాంక్‌లా చురుక్కుమంటుందనుకుంటే ఇది చప్పగా పడి ఉంది. చేపల పులుసుతో అయితే మరీ ఘోరం, నీళ్ళు తాగినట్టే. షాపువాడు "అదంతే" అంటున్నాడు. తిరిగిచ్చేయాలా?

చల్లచల్లగా
ఐసు ముక్కలు వేసి లాగించెయ్ బ్రో.

సీసామూత
ముందు చూడాల్సినవి చూడండి. కార్కు సీసా అంచుకి సమానంగా ఉందా, పైకి పొడుచుకొచ్చిందా? కార్కు పక్క గోడల వెంబడి పైదాకా తడి పాకిందా? రంగు ఎలా ఉంది? తెల్ల కాగితం మీద గ్లాసు వంచి చూడండి. లేత గడ్డి రంగు, లేత బంగారం అయితే భయం లేదు. 2022 సీసాలో గోధుమ ఛాయ ఉంటే మాత్రం అనుమానించాలి.

డల్లాస్_గుంటూరోడు
కార్కు సమానంగానే ఉంది, అడుగున మాత్రమే తడి. రంగు లేత బంగారం. అడుగున రెండు మూడు గాజు పెంకుల్లాంటివి కనిపిస్తున్నాయి, అదో భయం.

సీసామూత
అవి గాజు కాదు. టార్టారిక్ ఆసిడ్ తాలూకు లవణం, చలికి స్ఫటికాలుగా పేరుకుంటుంది. వేళ్ళ మధ్య నలిపితే పొడి అవుతుంది, వేడి నీళ్ళలో కరుగుతుంది. గాజు రెండూ చెయ్యదు. ఏ హానీ లేదు. మీరు చెప్పినదాన్ని బట్టి సీసా బాగానే ఉంది.

ద్రాక్షతోట
సీసా బాగుంది, పోల్చింది తప్పు. దక్షిణ రోన్ వైట్‌ని పులుపుతో కొలవకూడదు, ఒళ్ళుతో, అంటే నోట్లో ఎంత నిండుగా ఉందన్నదాంతో కొలవాలి.

గ్రెనాష్ బ్లాంక్‌కి ఎండ పడితే చక్కెర గబగబా ఎక్కుతుంది. రసంలో లీటరుకి సుమారు 17 గ్రాముల చక్కెర ఒక శాతం ఆల్కహాల్ అవుతుంది. 235 గ్రాముల దగ్గర కోస్తే 14 వచ్చేసినట్టే. అదే సమయంలో రాత్రుళ్ళు కూడా వెచ్చగా ఉంటే కాయ తనలోని పులుపుల్లో ఒకటైన మాలిక్ ఆసిడ్‌ని తనే ఖర్చు పెట్టేస్తుంది. అందుకే అక్కడి వైట్ల పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 3.3 నుంచి 3.5 మధ్య తిరుగుతూ ఉంటుంది. న్యూజిలాండ్ సావిన్యోన్‌ది అంతకంటే తక్కువ, పైగా చల్లటి రాత్రుల్లో పండుతుంది.

చేదు సంగతి: క్లెరెట్, మార్సాన్, గ్రెనాష్ బ్లాంక్, మూడిట్లోనూ చివర్లో సన్నటి చేదు ఉంటుంది. ఆ ప్రాంతంలో దాన్ని లోపంగా చూడరు. పులుపు చెయ్యాల్సిన పని కొంత ఆ చేదు చేస్తుంది, నోరు శుభ్రపరిచి ఇంకో గుక్కకి సిద్ధం చేస్తుంది. చేదు నోరంతా పట్టుకుని గరుకుగా ఉంటేనే తప్పు. అది గింజలు, కాడలు నలిగేలా గట్టిగా పిండిన రసం తాలూకు లక్షణం.

వాసన రాకపోవడానికి కారణం మీ ఫ్రిజ్. 4 డిగ్రీల దగ్గర ఈ రకాలు నోరు విప్పవు.

చల్లచల్లగా
అంటే వేడిగా తాగాలా? 14 శాతం ఉన్న వైట్‌ని వేడిగా తాగితే ముక్కులోకి స్పిరిట్ కొడుతుంది. ఎనిమిది దాటనివ్వకండి.

రోన్_ఒడ్డు
పై పోస్టులో సగం నిజం. 16 దాటితే ఆల్కహాల్ ముందుకొస్తుంది, ఒప్పుకుంటా. కానీ ఎనిమిది దగ్గర మీకు తెలిసేది చల్లదనం, చేదు, అంతే. చలికి చేదు ఎక్కువ కనిపిస్తుంది కూడా. మామూలు కోట్ ద్యు రోన్ వైట్ 10 నుంచి 12, రూసాన్ ఎక్కువున్నది, పీపాలో ఉంచినది 12 నుంచి 14. గ్లాసులో మూడో వంతుకి మించి పోయొద్దు, లేకపోతే కింద ఉన్నది తాగేలోపు వేడెక్కుతుంది.

లెక్కలమాస్టారు
ఫ్రిజ్ 4, గది 23 అనుకుంటే, సీసా బయటపెడితే 11కి రావడానికి ముప్పావు గంట పట్టొచ్చు. గ్లాసులో పోసేస్తే పది పదిహేను నిమిషాలు చాలు. ఆంధ్రాలో మే నెలలో ఏసీ లేని గదిలో అయితే ఆ టైము సగం కూడా ఉండదు. వంటింటి థర్మామీటర్ గ్లాసులో ముంచి చూస్తే ఈ గొడవే ఉండదు.

వెచ్చగా ఉన్న సీసాని చల్లబరచాలంటే: ఐసు ఒక్కటే బకెట్‌లో పోస్తే లాభం లేదు, సీసాకి అక్కడక్కడే తగులుతుంది. సగం ఐసు, సగం నీళ్ళు, గుప్పెడు కల్లుప్పు. 24 నుంచి 11కి పావుగంట, ఇరవై నిమిషాలు.

పులుసుముక్క
అసలు నేరం చేపల పులుసుది కదా, ఎవరూ మాట్లాడరేం?

తినేది వైన్ కంటే పుల్లగా ఉంటే వైన్‌లో ఉన్న కాస్త పులుపూ నాలుకకి అందదు. చింతపండులో ప్రధానమైన పులుపు టార్టారిక్ ఆసిడే, ద్రాక్షలోనూ ప్రధానంగా అదే. పులుసులో దాని మోతాదు ముందు ఈ వైన్ ఆనదు. అందుకే నీళ్ళలా అనిపించింది. దానికి తోడు మిరపకాయ. 14 శాతం ఆల్కహాల్ కారాన్ని తగ్గించదు, రాజేస్తుంది.

దీనికి సరిపడేవి: నెయ్యి, కొబ్బరి పాలు, జీడిపప్పు, వేరుశనగ ఉన్నవి. కొబ్బరి పాలతో రొయ్యల కూర (పచ్చిమిర్చి రెండే రెండు), ముద్దపప్పు నెయ్యి, మిరియాల కోడి వేపుడు, కొబ్బరన్నం. గుత్తివంకాయలో చింతపండు తగ్గించి నువ్వులు, పల్లీలు పెంచితే మార్సాన్ ఉన్న బ్లెండ్‌తో (రకాలు కలిపి చేసిన వైన్) బాగా కలుస్తుంది. పిండి పట్టించి వేయించిన చందువా ముక్క మీద నిమ్మకాయ పిండకుండా తిని చూడండి.

గోంగూర దగ్గరికి ఏ వైన్‌నీ తీసుకెళ్ళకండి, మర్యాద దక్కదు.

ఓరుగల్లు_పిల్ల
మా దిక్కు "వైన్స్" అని పెద్ద బోర్డు ఉంటది, లోపల వైన్ తప్ప అన్నీ దొరుకుతయ్. ఉన్న ఒక్క సీసా కూడా ట్యూబ్‌లైట్ కింద నిలబెట్టి ఉంటది. అట్లాంటిది కొనొచ్చా?

సీసామూత
తెల్ల గాజు సీసా అయితే అస్సలు వద్దు. ట్యూబ్‌లైట్, ఎండ తగిలితే వైన్‌లోని రైబోఫ్లేవిన్ వల్ల గంధకపు వాసనలు పుడతాయి, ఉడికిన క్యాబేజీ, తడి ఉన్ని లాగా. ముదురు ఆకుపచ్చ సీసా కొంత కాపాడుతుంది. నిలబెట్టడం కంటే షాపులో వేడి పెద్ద సమస్య. వేడికి వైన్ వ్యాకోచించి కార్కుని నెడుతుంది, చల్లబడ్డాక గాలి లోపలికి పోతుంది. కార్కు ఉబ్బి ఉన్నా, మూత రేకు కింద జిగటగా ఉన్నా, ఒకే పెట్టెలో ఒక సీసా మట్టం మిగతావాటి కంటే తక్కువున్నా వదిలేయండి. ఈ రకాలకి వేడి ఇంకా ప్రమాదం, గ్రెనాష్ బ్లాంక్, క్లెరెట్, రూసాన్ మూడూ గాలికి తొందరగా లొంగేవే.

డల్లాస్_గుంటూరోడు
ఒక సందేహం. పులుపు తక్కువని వాళ్ళకీ తెలుసు కదా, ముందే కోసేయొచ్చుగా?

ద్రాక్షతోట
కోస్తారు, కొంతవరకు. కానీ రూసాన్, క్లెరెట్ పచ్చిగా కోస్తే పులుపుతో పాటు ఆకు పసరు చేదు వస్తుంది, రుచి రాదు. అందుకే అక్కడ బ్లెండ్ పుట్టింది. ఒక్కో రకం ఒక్కో లోటు పూడుస్తుంది:

గ్రెనాష్ బ్లాంక్ ఒళ్ళు, బేరిపండు. క్లెరెట్ సోంపు, పూల వాసన, తేలిక. బూర్బులెంక్ చాలా ఆలస్యంగా పండుతుంది, ఆల్కహాల్ తక్కువ, పులుపు నిలుపుకుంటుంది. రూసాన్ తేనె, మూలికల కషాయం వాసన, నిలవ ఉండే శక్తి. కానీ బూడిద తెగులుకి ఇట్టే దొరికిపోతుంది, దిగుబడి ఏ ఏడూ ఒక్కలా ఉండదు. పిక్‌పూల్ పచ్చి నిమ్మ పులుపు. వియోన్యే జల్దారు పండు వాసన, పులుపు తక్కువ, నోరు పెద్దది. 10 శాతం దాటితే మిగతా వాళ్ళని మాట్లాడనివ్వదు.

కోత కూడా అందుకే విడతలుగా. వియోన్యే ఆగస్టు చివర్లోనే మొదలవుతుంది, బూర్బులెంక్ చివరికి. మామూలు కోట్ ద్యు రోన్‌కి యంత్రంతో రాత్రి పూట కోయొచ్చు, కాయ చల్లగా చేరుతుంది. దక్షిణ రోన్‌లోనే ఉన్న షాటోనెఫ్ ద్యు పాప్‌లో చేతి కోతే, నిబంధన. తెల్లారకముందే మొదలుపెట్టి ఎండెక్కేలోపు ఆపేస్తారు.

రోన్_ఒడ్డు
షాటోనెఫ్ వైట్‌లో వియోన్యే, మార్సాన్ వాడకూడదని కూడా రాయండి. చాలామంది అక్కడే పొరబడతారు. అక్కడ గ్రెనాష్ బ్లాంక్, క్లెరెట్, బూర్బులెంక్, రూసాన్, పిక్‌పూల్, పికార్దాన్. మార్సాన్ కావాలంటే కోట్ ద్యు రోన్‌లోనో, ఉత్తర రోన్‌లోని ఎర్మిటాజ్ వైట్‌లోనో చూసుకోవాలి.

కొత్తగా దక్షిణ రోన్‌లోనే ఉన్న జిగొందాస్ కూడా వైట్ చేస్తోంది, 2023 పంట నుంచి అనుమతి. అందులో క్లెరెట్ కనీసం 70 శాతం ఉండాలి. చురుకుదనం కావాలనే వాళ్ళకి నేను మొదట చూపించేది అదే. ఎత్తులో సున్నపురాయి నేల, చల్లటి రాత్రి.

చల్లచల్లగా
పులుపు కావాలంటే పిక్‌పూల్ ద పినే కొనుక్కోవచ్చు కదా, సగం ధరకే. ఇన్ని లెక్కలెందుకు.

పులుసుముక్క
మొదటిసారి మీతో ఏకీభవిస్తున్నా. కాకపోతే అది బ్లెండ్ కాదు, ఒక్క రకమే. గుల్లలకి, నిమ్మకాయ పిండిన వేపుళ్ళకి అది. కొబ్బరి పాల కూర పక్కన పెడితే మళ్ళీ పలచగా తేలిపోతుంది.

లెక్కలమాస్టారు
@ద్రాక్షతోట బ్లెండ్ పాళ్ళు ఎలా తేలుస్తారు? రుచి చూసి అంచనానా, లెక్కా?

ద్రాక్షతోట
రెండూ. వంద మిల్లీలీటర్ల కొలజాడీ, పది మిల్లీలీటర్ల పిపెట్, ఒకేలాంటి గ్లాసులు. మొదటి గ్లాసు గ్రెనాష్ 70, క్లెరెట్ 30. దాంట్లోంచి గ్రెనాష్ తగ్గిస్తూ బూర్బులెంక్ పదేసి పెంచుతూ ఇంకో రెండు. రూసాన్ ఐదేసి. వియోన్యే అయితే రెండేసి మాత్రమే. గ్లాసుల మీద అంకెలు రాసి, అంకె కనబడకుండా ఇంకొకరితో వరస మార్పించి రుచి చూడాలి. వైన్ మరీ చల్లగా ఉంటే అన్నీ బాగానే అనిపిస్తాయి, కాబట్టి 14, 15 డిగ్రీల దగ్గర చూడాలి, తప్పులు అక్కడే బయటపడతాయి.

మొత్తం ఆసిడ్ పాళ్ళ ప్రకారం సరాసరి లెక్క వేయొచ్చు. పీహెచ్ అలా కాదు, కలిపాక కొలవాల్సిందే. ఇంకోటి: ఫ్రెంచి వాళ్ళు మొత్తం ఆసిడ్‌ని సల్ఫ్యూరిక్ లెక్కలో రాస్తారు. వాళ్ళ 3.5 అంటే టార్టారిక్ లెక్కలో సుమారు 5.4. 1.53తో గుణించండి. ఇది చూడక "అబ్బో, మూడున్నరేనా" అని గుండెలు బాదుకుంటారు జనం.

కలిపాక అయిపోలేదు. విడివిడిగా తేటగా ఉన్న రెండు వైన్లు కలిపితే మబ్బు పట్టొచ్చు, ప్రొటీన్ సమతూకం మారుతుంది. చిన్న సీసాలో పోసి 80 డిగ్రీల దగ్గర రెండు గంటలుంచి చల్లార్చి చూడాలి. మబ్బు పడితే బెంటొనైట్ అనే బంకమట్టి వేయాలి. హెక్టోలీటరుకి (వంద లీటర్లకి) 50 గ్రాములతో మొదలుపెట్టి చిన్న మోతాదులో పరీక్షించి పెంచాలి. ఊరికే వంద వేసేస్తే వాసన కూడా పట్టుకుపోతుంది.

లెక్కలమాస్టారు
మాలోలాక్టిక్ (బ్యాక్టీరియా మాలిక్ ఆసిడ్‌ని మెత్తటి లాక్టిక్ ఆసిడ్‌గా మార్చడం) ఆపుతారా, జరగనిస్తారా?

ద్రాక్షతోట
అక్కడి వైట్లకి ఎక్కువమంది ఆపుతారు. లీటరుకి 2 గ్రాముల మాలిక్ పోతే మొత్తం ఆసిడ్ టార్టారిక్ లెక్కలో 1.1 దాకా పడిపోతుంది, పీహెచ్ 0.1 నుంచి 0.2 పెరుగుతుంది. ఉన్నదే తక్కువ, అదీ పోతే ఏం మిగులుతుంది? ఆల్కహాల్ పులియబెట్టడం అవగానే సల్ఫైట్ (వైన్ పాడవకుండా వేసే గంధకపు మందు) వేసి, చల్లగా ఉంచి, సీసాలో నింపేటప్పుడు 0.45 మైక్రాన్ వడపోత. వడపోత మానేస్తే సీసాలోనే మొదలై బుడగలు, మబ్బు, పుల్లటి క్యాబేజీ వాసన.

లెక్కలమాస్టారు
సల్ఫైట్ లెక్క నేను రాస్తా, అందరూ పీహెచ్ మర్చిపోతారు కాబట్టి. వైట్‌ని కాపాడేది వైన్‌లో దేనికీ అతుక్కోకుండా ఉన్న (ఫ్రీ) సల్ఫర్ డయాక్సైడ్‌లో ఒక చిన్న భాగం, మాలిక్యులర్ రూపం. అది లీటరుకి 0.8 మిల్లీగ్రాములు కావాలి. పీహెచ్ 3.2 దగ్గర ఫ్రీ సల్ఫర్ డయాక్సైడ్ 20 ఉంటే చాలు. 3.4కి 32. 3.5కి 40. అంటే అదే 25 మిల్లీగ్రాములు వేసిన సీసా ఒకచోట క్షేమం, ఇంకోచోట గాలికి దొరికిపోతుంది. యూరప్‌లో డ్రై వైట్‌కి మొత్తం సల్ఫర్ డయాక్సైడ్ పరిమితి 200, ఆర్గానిక్ అయితే 150.

ఓరుగల్లు_పిల్ల
అయితే గిది చెప్పుండ్రి. నా దగ్గర షాటోనెఫ్ వైట్ 2016 ఉన్నది, రూసాన్ ఎక్కువ. రంగు ముదురు బంగారం దాటి పాత ఇత్తడి లెక్క అయింది. తీసిన. పండు వాసన అస్సలు లేదు. ఇది మూగబోయిందా, పాడైందా? కొందరేమో ఈ వైన్లు మధ్యలో కొన్నేండ్లు మూసుకుంటయ్, మళ్ళీ తెరుసుకుంటయ్ అంటున్నరు.

చల్లచల్లగా
వైట్‌ని అన్నేళ్ళు దాచడమేంటమ్మా.

రోన్_ఒడ్డు
దాచొచ్చు, అన్నీ కాదు. మామూలు కోట్ ద్యు రోన్ వైట్ రెండు మూడేళ్ళలో తాగేయాలి. రూసాన్ గట్టిగా ఉన్న షాటోనెఫ్ వేరే సంగతి. షాటోనెఫ్‌లోని బోకస్టెల్ వాళ్ళు పాత తీగల రూసాన్ ఒక్కదాంతోనే ఒక సీసా చేస్తారు, అది పదేళ్ళు దాటినా నిలుస్తుంది. మొదటి మూడు నాలుగేళ్ళు తెరుచుకుని ఉండి, తర్వాత కొంతకాలం మూగబోవడం కూడా నిజమే, ఎర్మిటాజ్ వైట్లలోనూ అంతే. అలాగని ఎప్పుడు మూస్తుంది, ఎప్పుడు తెరుస్తుంది అని కేలండర్ లేదు. ఆరు సీసాలుంటే ఏడాదికొకటి తీసి చూడటమే దారి.

సీసామూత
@ఓరుగల్లు_పిల్ల రంగు చూసి తీర్పు ఇవ్వకండి. వయసొచ్చిన రూసాన్‌కి ముదురు బంగారం మామూలే. ఇలా చేయండి.

ఒక గ్లాసులో పోసి పళ్ళెం మూసి పక్కన పెట్టండి. ఇంకో గ్లాసులో పోసి గట్టిగా తిప్పి గాలి తగలనివ్వండి. రెండూ 13 డిగ్రీల దగ్గర. గంటకోసారి, నాలుగు గంటలు. మూగబోయిన వైన్ అయితే గాలి తగిలిన గ్లాసు మెరుగవుతుంది, మైనం, తేనె, బేరిపండు మెల్లగా బయటికొస్తాయి. గాలికి పాడైనదైతే ఆ గ్లాసే ముందు దిగజారుతుంది, రంగు కూడా ఇంకాస్త నల్లబడుతుంది.

వాసనలో వెతకాల్సింది మగ్గి దెబ్బతిన్న ఆపిల్, ఇంకా ముఖ్యంగా వేయించిన మెంతులు. సోటొలాన్ అనే పదార్థం, మెంతుల వాసనకి మూలం అదే. ముందే ముసలిదైపోయిన డ్రై వైట్లలో అదే పేరుకుంటుంది. లీటరుకి 8 మైక్రోగ్రాముల దగ్గరే ముక్కుకి తెలుస్తుంది. దీని విషయంలో ఫ్రెంచివాళ్ళ కంటే మన ముక్కులు గట్టివి, రోజూ పోపులో పడేదే కదా.

పులుసుముక్క
మెంతికాయ వాసనొస్తే పాత సీసా అన్నమాట. గుర్తుంటుంది.

సీసామూత
తడి అట్టపెట్టె వాసన అయితే మాత్రం వేరు, అది కార్కు తెగులు. గాలికి పోదు. కుళ్ళిన గుడ్డు, అగ్గిపుల్ల వాసన అయితే గంధకం సంగతి, దానికి గాలి తగిలించడమే మందు, లేదా శుభ్రం చేసిన రాగి ముక్కతో ఓసారి తిప్పండి. గోళ్ళ రంగు వాసన అయితే దేనికీ పనికిరాదు.

డల్లాస్_గుంటూరోడు
మిగిలిన సగం సీసా థర్మామీటర్ పెట్టి చూశా. 6 దగ్గర మళ్ళీ అదే చప్పదనం. 11కి బేరిపండు, 12కి సోంపు స్పష్టంగా. చేదు ఉంది కానీ ఇప్పుడు అడ్డు రావట్లేదు. నెయ్యి వేసిన మిరియాల కోడితో తాగా, సరిపోయింది. 17 దాటాక మాత్రం స్పిరిట్ కొట్టింది, చల్లచల్లగా గారి మాట అక్కడ నిజం. తిరిగివ్వట్లేదు.

చల్లచల్లగా
రికార్డులో రాసుకోండి అందరూ.

ద్రాక్షతోట
తెరిచి ఎన్నాళ్ళైంది? ఈ రకాలు కార్కు బిగించి ఫ్రిజ్‌లో పెట్టినా రెండు రోజులు, మహా అయితే మూడు. సగం సీసా మిగులుతుందని ముందే తెలిస్తే, తెరవగానే 375 మిల్లీలీటర్ల చిన్న సీసాలోకి అంచుదాకా నింపి మూసేయండి. లోపల గాలి లేకపోతే వారం ఆగుతుంది.

ఓరుగల్లు_పిల్ల
చెప్పినట్టే చేసిన. గాలి తగిలిన గ్లాసు రెండో గంటకే మెంతులు, నాలుగో గంటకి నల్లబడింది. మూసి పెట్టింది కూడా అదే దారిల ఉన్నది. పోయినట్టే. పారబోయాల్నా? కూరలకు పనికొస్తదా?

పులుసుముక్క
కూరలో వద్దు, వండితే నీరు తగ్గి ఆ వాసన ఇంకా చిక్కబడుతుంది. వెనిగర్ చేసుకోండి.

ద్రాక్షతోట
వెనిగర్ అవుతుంది, కానీ నేరుగా కాదు. 14 శాతం దగ్గర వెనిగర్ బ్యాక్టీరియా ఇబ్బంది పడుతుంది. 750 మిల్లీలీటర్ల వైన్‌కి కాచి చల్లార్చిన నీళ్ళు 400 కలపండి, 9 శాతానికి దిగుతుంది. కుళాయి నీళ్ళు కాచకుండా వద్దు, క్లోరిన్ ఉంటుంది. వెడల్పు మూతి గాజు జాడీలో పోసి ఒక రోజు తెరిచి ఉంచి అప్పుడప్పుడు కలిపితే మిగిలిన సల్ఫైట్ కొంత పోతుంది. తర్వాత పాశ్చరైజ్ చెయ్యని వెనిగర్, అడుగున మడ్డితో సహా, ఒక 250 మిల్లీలీటర్లు. మూతికి పల్చటి బట్ట కట్టి 25 నుంచి 30 డిగ్రీల చోట, వెలుతురు తగలకుండా. పైన మీగడలా పొర కడుతుంది, కదపొద్దు. ఇనుము, అల్యూమినియం తగలనివ్వొద్దు. నెల దాటాక రుచి చూడండి, స్పిరిట్ వాసన పోయేదాకా ఆగాలి. సలాడ్‌కి, ఉల్లిపాయ ముక్కలకి వాడుకోవచ్చు. నిలవ పచ్చళ్ళకి మాత్రం వద్దు, అందులో ఆసిడ్ ఎంతుందో కొలవకుండా నమ్మలేం.